మళ్ళించిన పిలుపులు

న్ఖాటా బే రేవులో ఓడ దిగి మార్కెట్ గట్టు ఎక్కేవాళ్ళకి ముందుగా కనిపించేది ఖుంబో నీలం గొడుగు. దాని కింద ఒక చెక్క బల్ల, బల్ల మీద రీచార్జి కార్డులు, చిక్కుపడ్డ చార్జింగు తీగలు, ఎవరెవరివో ఫోన్లు. ఆ సరస్సు ఒడ్డున ఫోను పట్టుకున్న ప్రతివాళ్ళూ ఎప్పుడో ఒకప్పుడు అక్కడికి రావలసిందే. కొత్త సిమ్ము వేయాలన్నా, వాయిస్ మెయిల్ పెట్టాలన్నా తీయాలన్నా, ఒక నంబరుకి వచ్చే కాల్స్ ఇంకో నంబరుకి మళ్ళించాలన్నా ఖుంబో వేళ్ళకి కళ్ళతో పనుండేది కాదు. స్టార్, ఇరవయ్యొకటి, మళ్ళీ స్టార్... పైకి కబుర్లు చెబుతూనే కింద పని ముగించేసేవాడు.

"నేను వలకి పోతే ఈ ఫోనుకి సిగ్నల్ అందదు. నాకొచ్చే కాల్స్ ఇంట్లో ఉన్న రెండో ఫోనుకి వెళ్ళేట్టు చెయ్యి నాయనా" అన్నాడు ఒక ముసలి జాలరి.

"రెండో ఫోను రెండో ఇంట్లో ఉందా ఏంటి పెద్దాయనా? చూసుకో మరి. పెద్దావిడ చేస్తే చిన్నావిడ ఎత్తుతుంది!"

గొడుగు కింద నిలబడ్డవాళ్ళు ఘొల్లుమన్నారు. పక్క కొట్లో, ఆడవాళ్ళు నడుముకి చుట్టుకునే చితెంజే గుడ్డలు మడతపెడుతున్న తెమ్వా కూడా నవ్వింది. ఖుంబో ఆమె మొగుడు. ఏడేళ్ళ కాపురం, ఆరేళ్ళ కూతురు తావోంగా. ఆ స్టార్లూ హ్యాష్‌లూ ఏమిటో తెమ్వాకి తెలీదు, తెలుసుకోవాలని అనిపించనూ లేదు. తన ఫోనుకి ఏం కావాలన్నా మొగుడి చేతికిచ్చేది. ఒకసారి సరదాకి ఆమె చేత వాయిస్ మెయిల్‌లో పలకరింపు కూడా రికార్డు చేయించాడు. "నేను తెమ్వాని. ఇప్పుడు మాట్లాడలేను. మీ మాట చెప్పండి, వింటాను." సిగ్గుపడుతూ చెప్పింది. ఆ తర్వాత దాని సంగతే మరిచిపోయింది. ఆ ఊళ్ళో వాయిస్ మెయిల్ తెరిచి వినేవాళ్ళెవరు?

తెమ్వా చెల్లెలు లుసుంగుని సరస్సు మధ్యలో ఉన్న లికోమా దీవిలో యోబే అనేవాడికి ఇచ్చారు. తాగనప్పుడు మంచివాడే. కాకపోతే తాగని రోజు అంటూ ఒకటి ఉండాలి కదా. దీవిలో బడి దగ్గర సోలారు పలక ఉంది. సాయంత్రం అక్కడ ఫోను చార్జింగు పెట్టుకుని, గోడకి ఆనుకుని కూర్చుని లుసుంగు అక్కకి ఫోను చేసేది. "అక్కా, వచ్చి నన్ను తీసుకెళ్ళు." తెమ్వా రెండుసార్లు కొట్టు మూసి, ఓడెక్కి వెళ్ళి తీసుకొచ్చింది. రెండుసార్లూ యోబే వచ్చి ఏడ్చాడు, మోకాళ్ళ మీద పడ్డాడు, వెంట తీసుకుపోయాడు.

రెండోసారి ఖుంబో మొక్కజొన్న సీమా ముద్ద పళ్ళెంలోనే వదిలేసి లేచాడు. "ఆ ఫోను మోగిందంటే నువ్వు నా పెళ్ళానివి కావు, దాని అక్కవి. ఒక్క పూటైనా నాకు మిగులుతావా?"

ఆ కోపమంతా రేవులో, యోబేతో తిరిగి వెళ్తున్న చెల్లెలి మీద తీర్చుకుంది తెమ్వా. "నీ కాళ్ళతో నువ్వే వెళ్తున్నావు. మళ్ళీ ఏడుస్తూ నాకు ఫోన్ చెయ్యకు."

నోరు జారిన మాట. లుసుంగు తల ఊపి ఓడెక్కింది.

ఆ తర్వాత ఫోను రాలేదు. వానలు మొదలయ్యాయి. ఉదయం పూట తెమ్వా చేసి చూసేది. చెల్లెలి ఫోను ఆపేసి ఉండేది. సాయంత్రం కొట్టు కట్టేసి ఇంటికి రాగానే ఖుంబో చెయ్యి చాచేవాడు. "ఇటివ్వు, చార్జింగు పెడతా." తెల్లారాక తనే తెచ్చి చేతికిచ్చేవాడు. ఇంత శ్రద్ధ ఎప్పుడొచ్చిందా అని తెమ్వా లోలోపల మురిసిపోయింది కూడా. ఆరు వారాలు అలా గడిచాయి. అలిగిందిలే అనుకుంది మొదట. తర్వాత, నన్ను మరిచేపోయింది అనుకుని తనూ మొండికేసింది.

ఒక మంగళవారం పొద్దున్న యోబే తల్లి ఫోను చేసింది. లుసుంగుని సరస్సు ఒడ్డుకి తెచ్చి పడేసిందట.

దీవిలో మట్టి చేశారు. యోబే ఎక్కడో తాగి పడున్నాడు, తీసుకొచ్చి నిలబెట్టారు. అంతా అయ్యాక చేతులు కడుక్కునే చోట యోబే తల్లి తెమ్వా పక్కకి వచ్చింది. ఎముకలు తేలిన చెయ్యి ఆమె మోచేతి మీద వేసింది.

"మాటిచ్చి ఎందుకు రాలేదమ్మా?"

"ఏం మాట అత్తా?"

"పడవ తెస్తానన్నావట కదా. ఈమధ్య రోజూ నీతోనే కదా మాటలు, ఆ బడి గోడ పక్కన కూర్చుని. సోమవారం సాయంత్రం మూట కట్టుకుంది. 'అక్క వచ్చేసింది, కింద నీళ్ళ దగ్గర నిలబడి ఉంది' అంటూ చెవి దగ్గర ఫోను పెట్టుకునే దిగిపోయింది. నేను ఆపలేదు. నా కొడుకు చేతుల్లో చచ్చేకంటే నీ దగ్గరికి పోవడమే మంచిదనుకున్నా."

"నాతోనా? అత్తా, దానితో మాట్లాడి నాకు ఆరు వారాలైంది."

ముసలమ్మ ఆమె మొహంలోకి చూసింది. మెల్లగా తన చెయ్యి వెనక్కి తీసుకుంది.

*

తిరిగొచ్చాక మూడు రోజులు తెమ్వా చాప మీదే కూర్చుంది. ఆ ఊళ్ళో ఎవరింట్లో చావు జరిగినా ఫోను మోగుతూనే ఉంటుంది. మేనమామలు, చర్చి ఆడవాళ్ళు, గుడ్డలు కొనేవాళ్ళు, అందరూ పలకరిస్తారు. తెమ్వా ఫోను ఒక్కసారి కూడా మోగలేదు. ఎవరికీ ఏమీ కానా అని కుమిలిపోయింది. నాలుగో రోజు మధ్యాహ్నం బయటికొస్తే మందాసీ బూరెలు వేయించే న్యాబండా అవ్వ దారిలో నిలదీసింది.

"ఇరవైసార్లు చేశానే నీకు! ఎత్తవేం? నీ గొంతే వస్తుంది, మాట చెప్పండి అంటుంది, తర్వాత ఏమీ ఉండదు."

తెమ్వా మొగుడి గొడుగు వైపు రెండడుగులు వేసింది. ఎందుకో ఆగిపోయింది. వెనక్కి తిరిగి బస్సులు ఆగేచోట ఉన్న ఫోను కంపెనీ గదికి వెళ్ళింది. కౌంటరులో ఎలూబే అనే అమ్మాయి ఉంది, తెమ్వా దగ్గరే పెళ్ళి గుడ్డలు కొనుక్కుంది.

ఎలూబే ఫోను తీసుకుని స్టార్, హ్యాష్, ఇరవయ్యొకటి, హ్యాష్ నొక్కింది. తెర మీద అక్షరాలు పడ్డాయి.

"డైవర్ట్ ఉందక్కా. వచ్చిన ప్రతి కాలూ మోగకుండానే వాయిస్ మెయిల్‌కి పోతోంది."

"దానంతటదే అయిందా?"

"కాదు. ఈ ఫోను చేతిలో పట్టుకుని ఎవరో పెట్టాలి." ఎలూబే కాసేపు తటపటాయించింది. "ఖుంబో అన్న పెట్టి తీయడం మరిచిపోయాడేమో. నేను తీసేస్తున్నా. ఇదిగో, పోయింది. వాయిస్ మెయిల్‌లో చాలా ఉన్నాయక్కా. పాతవి ఆరు ఒకే నంబరు నుంచి. వింటావా?"

ఎవరి నంబరని తెమ్వా అడగలేదు. సాయంత్రం చాచిన ఆ చెయ్యి కళ్ళ ముందుకొచ్చింది. ఇటివ్వు, చార్జింగు పెడతా...

బయట వాన. రేకు చూరు కింద బల్ల మీద కూర్చుని ఫోను చెవికి ఆనించుకుంది. తడిసిన మట్టి వాసన, కింద రేవు నుంచి ఎండుచేపల వాసన కలిసి వస్తున్నాయి.

మొదటి సందేశం. "అక్కా, నేనే. ఎత్తవేంటి? కోపం పోలేదా? సరేలే, రేపు చేస్తా."

రెండోది. "అక్కా, ఇవాళ పన్ను ఊడిందే. రక్తం ఆగిపోయిందిలే, భయపడకు. నువ్వు రాకపోయినా ఫరవాలేదు. ఒక్కసారి ఎత్తు. నీ గొంతు వినాలనుంది, ఆ రికార్డు చేసింది కాదు." ఆ తర్వాత కొంతసేపు మాటల్లేవు. వెనకాల ఎక్కడో నీళ్ళు రాళ్ళని తాకుతున్న చప్పుడు. తెమ్వా నుదురు ముడిపడింది. బడి కొండ మీద ఉంది. అక్కడికి నీళ్ళ చప్పుడు వినబడదు.

మూడోది. "అక్కా... అక్కా? ఏదో వినిపించింది. ఉన్నావా?" చాలాసేపు నిశ్శబ్దం. నీళ్ళు. ఇంకాస్త దగ్గరగా. అప్పుడు లుసుంగు ఒక్కసారిగా ఏడుస్తూ నవ్వింది. "ఆ, నేనే! నేనే, లుసుంగుని!"

నాలుగోదాంట్లో లుసుంగు ఎవరికో జవాబులు చెబుతోంది. "అవును... లేదు, పడుకున్నాడు... నిజంగా వస్తావా?... నీ గొంతేంటి అలా ఉంది, జలుబు చేసిందా?" మధ్య మధ్యలో ఖాళీలు. ఆ ఖాళీల్లో ఎవరో ఊపిరి పీల్చుకోకుండా వింటున్నట్టు ఉంది.

ఐదోదాంట్లో ఖాళీలు లేవు.

"ఎప్పుడొస్తావక్కా?"

"...ఇప్పుడు."

"యోబేకి తెలిస్తే?"

"మాట... చెప్పండి... తెమ్వాని... నేను... తెమ్వాని..."

అవి ఆమె మాటలే. ఆ రోజు సిగ్గుపడుతూ చెప్పిన పలకరింపులోని మాటలు. ఎవరో ఒక్కొక్కటీ విడదీసి, నోట్లో పెట్టుకుని, రుచి చూసి, తిరిగి పేరుస్తున్నారు. మాటకీ మాటకీ మధ్య నోటినిండా నీళ్ళున్నట్టు గుడగుడమంటోంది.

ఆరోది వినకూడదనుకుంది... అప్పటికే మొదలైపోయింది.

"దిగు చిట్టితల్లీ. ఇంకొంచెం."

జలుబూ లేదు, గుడగుడా లేదు. తేటగా, ముద్దుగా, తెమ్వా గొంతు. చిన్నప్పుడు చెల్లెలికి తల రుద్దేటప్పుడు బుజ్జగించే గొంతు.

"చీకటిగా ఉందక్కా. నువ్వు కనబడట్లేదు."

"నీ వెనకే ఉన్నా. నీళ్ళు చల్లగా లేవు కదా?"

"లేవు..."

"ఇంకొంచెం."

ఒక చప్పుడు. పెద్దదేం కాదు. బట్టలు ఉతికే చోట గుడ్డ మూట జారిపడితే వచ్చేంత. తర్వాత నీళ్ళు... నీళ్ళే. వాటి అడుగు నుంచి తెమ్వా గొంతు తృప్తిగా ఏదో కూనిరాగం తీస్తోంది.

ఆమె ఫోను కిందపడేసింది. ఎలూబే పరిగెత్తుకొచ్చి తీసి తెర చూసింది.

"ఇదేంటక్కా, నలభై ఒక్క నిమిషాలుంది. రెండు నిమిషాలు దాటితే అదే కట్ అయిపోతుంది." చెవి దగ్గర పెట్టుకుంది, వెంటనే తీసేసింది. "అక్కా... వాయిస్ మెయిల్ వింటుంది, అంతే. అది మాట్లాడదు."

*

ఖుంబో బల్ల దగ్గర ఆ వేళకి రద్దీ. తెమ్వా వానలో తడుస్తూనే వచ్చి ఎదురుగా నిలబడింది.

"నా చెల్లెలి ఫోన్లు ఎక్కడికి పంపావు?"

ఖుంబో వేళ్ళు ఆగిపోయాయి. "ఇంటికెళ్ళి మాట్లాడుకుందాం తెమ్వా."

"ఇక్కడే చెప్పు. రోజూ సాయంత్రం పెట్టి, పొద్దున్నే తీసేసేవాడివి. అవునా కాదా?"

చుట్టూ జనం. ముసలి జాలరి, చేపలమ్మే ఆడవాళ్ళు, బస్సు కోసం ఆగినవాళ్ళు. ఖుంబో పెదాలు తడుపుకున్నాడు.

"పెట్టాను. అయితే ఏంటి? రోజూ ఏడుపు, రోజూ పరుగు. నాకూ ఒక ఇల్లుందని, ఆ ఇంట్లో నా పెళ్ళాం నాతో నెమ్మదిగా రెండు మెతుకులు తినాలని అనుకోవడం తప్పా? నాలుగు రోజులు ఎత్తకపోతే అదే సర్దుకుంటుందనుకున్నా. చచ్చిపోతుందని నేనేమైనా కలగన్నానా?"

"అది నాకోసం అరిచింది ఖుంబో. నువ్వు నా చెవులు మూశావు. చచ్చాక కూడా తీయలేదు."

"ఏడుస్తున్నావు కదా, ఎవరూ విసిగించకూడదని..."

"విను" అంది. "నువ్వు పంపినచోట దానికి ఎవరు దొరికారో విను."

ఆరో సందేశం పెట్టి అతని చెవికి నొక్కింది. ఖుంబో మొహం చూస్తుండగానే బూడిద రంగుకి తిరిగింది. చాలాసేపు విన్నాడు. చుట్టూ నిలబడ్డవాళ్ళు అతన్ని చీదరించుకుంటూ గుసగుసలు పోతున్నారు. "మొగుడేనా వీడు?" అంటోంది ఒకామె. ఖుంబో కళ్ళు ఆ మొహాలన్నిటి మీదా ఒకసారి తిరిగాయి. అప్పుడు అతను ఫోను లాక్కుని, స్పీకరు నొక్కి, గొడుగు అంత ఎత్తుకి పట్టుకున్నాడు.

"వినండి! నేను మళ్ళించింది నిజమే. మాట్లాడింది ఎవరు? ఈ గొంతు ఎవరిది?"

దిగు చిట్టితల్లీ... ఇంకొంచెం...

న్ఖాటా బేలో ఆ గొంతు తెలియనివాళ్ళు లేరు. రోజూ గుడ్డలు అమ్మే గొంతు. ముసలి జాలరి ముందుగా ఒక అడుగు వెనక్కి వేశాడు. తర్వాత మిగతావాళ్ళు.

"సోమవారం సాయంత్రం నేనెక్కడున్నానో నీకు తెలుసు" అంది తెమ్వా. "నీ పక్కన కూర్చుని వేరుశనక్కాయలు ఒలిచాను. గింజలు నీ నోట్లో పెట్టాను. చెప్పు వాళ్ళకి. ఆ ఒక్క మాట చెప్పు."

ఖుంబోకి తెలుసు. తెలుసని అతని కళ్ళలోనే ఉంది. ఆ కళ్ళు దించుకున్నాడు.

"నాకేం తెలుసు? ఆ సాయంత్రం నేను కాస్త ముందే పడుకున్నాను."

చెల్లెలు పోయినప్పుడు కూడా తెమ్వాకి కాళ్ళ కింద నేల ఉంది. ఇప్పుడు అదీ పోయింది. ఫోను అతని చేతిలోంచి తీసుకుని, ఎవరివైపూ చూడకుండా గట్టు దిగి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రమే కూతుర్ని తీసుకుని న్యాబండా అవ్వ ఇంటి వెనక గదిలోకి మారింది. ఊరంతా ఆమెని తప్పించుకు తిరుగుతున్నా అవ్వ మాత్రం నవ్వి పారేసింది. "నేను వేయించేవి మందాసీలు, మనుషుల్ని కాదు. ఉండవే. పిల్ల బడి నుంచి రాగానే నా దగ్గర కూర్చోబెట్టుకుంటా."

మర్నాడు ఎలూబే వాయిస్ మెయిల్ మొత్తం తీసేసింది. సందేశాలు, పలకరింపు, అన్నీ. "నీ నంబరుకి ఇక వాయిస్ మెయిల్ లేదక్కా. ఎవరైనా చేస్తే మోగుతుంది, లేకపోతే లేదు. దాక్కోవడానికి చోటే లేదు." ఖుంబో నంబరు నుంచి ఏ కాలూ రాకుండా బ్లాకు చేసి కూడా ఇచ్చింది. తెమ్వా ఇప్పుడు స్టార్, హ్యాష్ నేర్చుకుంది. రోజుకి పదిసార్లు నొక్కి చూసేది. డైవర్ట్ లేదు. డైవర్ట్ లేదు. ప్రతిసారీ అదే జవాబు.

*

తొమ్మిది రోజులు గడిచాయి. పదో రోజు మధ్యాహ్నం, నాలుగు కావస్తుండగా, తెమ్వా అమ్ముడుపోని గుడ్డల మూటతో రేవు మీదుగా నడుస్తోంది. దక్షిణం నుంచి మ్వేరా గాలి లేచింది. సరస్సు మీద దోమల్లాంటి పురుగులు మబ్బులు కట్టి పొగలా తిరుగుతున్నాయి. చేపలు ఎండబెట్టే ఆడవాళ్ళలో ఒకామె గట్టిగా పిలిచింది.

"ఏమే, జట్టు కలిశారటగా! మాకు ఒక్క ముక్కైనా చెప్పకపోతివి?"

"ఎవరితో?"

"అబ్బో, ఎవరితోనట! వారం నుంచి సాయంత్రాలు ఒకటే మాటలు, ఒకటే నవ్వులు. మీ ఆయన ఆ గొడుగు కింద ఫోను చెవి నుంచి తీస్తేనా? ఇవాళ గడ్డం గీసుకుని కొత్త చొక్కా వేసుకుని మరీ వెళ్ళాడు. 'క్షమించేసింది, రమ్మంది' అన్నాడు, మొహం చాటంత చేసుకుని."

తెమ్వా నెత్తి మీది మూట జారిపోయింది. "ఎక్కడికి? ఎక్కడికి రమ్మంది?"

చేపలామె నవ్వు ఆగింది. చిట్టచివర, బండరాళ్ళ అవతల ఉన్న చిన్న ఇసుక ఒడ్డు వైపు చెయ్యి చూపించింది.

అతన్ని ఆమె క్షమించలేదు. ఏనాటికీ క్షమించదు. అయినా పరిగెత్తింది.

రాళ్ళు దాటేసరికి గాలి చప్పున ఆగిపోయింది. ఇసుక మీద ఎవరూ లేరు. కొత్త చొక్కా మడతపెట్టి ఒక రాయి మీద పెట్టి ఉంది. పక్కనే చెప్పులు, వాటి మీద ఖుంబో ఫోను. తెర వెలుగుతోంది. తెమ్వా, అని పేరు. కింద అంకెలు నడుస్తున్నాయి. ముప్పై ఎనిమిది నిమిషాలు... ముప్పై తొమ్మిది...

ఆమె ఫోను ఆమె చేతిలోనే ఉంది. తెర నల్లగా, మాట్లాడకుండా.

"ఖుంబో!" అని అరిచింది. నీళ్ళు నూనెలా కదలకుండా ఉన్నాయి.

వంగి ఆ ఫోను తీసుకుంది. చెవి దగ్గర పెట్టుకుంది. అవతల ఏమీ లేదు. నీళ్ళ చప్పుడు లేదు, ఊపిరి లేదు. ఎవరో మాట్లాడటం ముగించి, ఫోను అక్కడే వదిలేసి, లేచి వెళ్ళిపోయిన గదిలా... ఖాళీ.

అప్పుడు చూసింది ఇసుకని.

పెద్ద అడుగులు, ఖుంబోవి, నీళ్ళలోకి వెళ్ళాయి. వాటి పక్కనే ఇంకో వరస. చిన్నవి. ఆడ మనిషి అడుగులు, చెప్పుల్లేనివి, ఇంకా నీళ్ళు ఊరుతున్నవి. అవి నీళ్ళలోంచి పైకి వచ్చాయి. రాళ్ళ మీదుగా, మార్కెట్ వెనక సందులోకి, ఎక్కడా తడబడకుండా.

తెమ్వా వాటి వెంట నడిచింది. నడిచింది కాదు, పరిగెత్తింది. సందులో మట్టి మీద తడి అడుగు. మలుపు దగ్గర ఇంకొకటి. బావి పక్కన ఇంకొకటి. దారి తెలిసినవాళ్ళ అడుగులు. వద్దు, అనుకుంటోంది. ఆ వైపు వద్దు...

న్యాబండా అవ్వ మూకుడు ముందు కూర్చుని ఉంది. తెమ్వాని చూసి చేతిలో గరిటె వదిలేసింది. నూనె చిమ్మి నిప్పుల మీద పడి బుస్సుమంది.

"నువ్వు... మరి ఇందాక..."

"పిల్లేది అవ్వా?"

"ఇప్పుడేగా వచ్చావు? ఒళ్ళంతా తడిసి... ఏంటే ఇది అంటే పలకలేదు. పిల్ల చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళావు."

గది తలుపు మూసి ఉంది. తలుపు కింద నుంచి సన్నగా నీళ్ళు బయటికి పాకుతున్నాయి. తెమ్వా రెండు చేతులతో తలుపు బాదింది. లోపల గడియ కదల్లేదు.

"తావోంగా! తలుపు తియ్యి తల్లీ! అమ్మని!"

లోపల తావోంగా ఏదో కథ వింటూ కిలకిల నవ్వుతోంది. ఆ నవ్వు మధ్యలో ఆగింది. తర్వాత పిల్ల గొంతు, గుసగుసగా, తలుపుకి ఎదురుగా కాదు, అటువైపు తిరిగి, ఎవరి ఒళ్ళోనో కూర్చుని చెప్పినట్టు...

"అమ్మా, బయట ఎవరో నీలాగే మాట్లాడుతున్నారు."